కట్టాల్సిన ఫీజు, పిలవాల్సిన బావ

దాచేపల్లి మీదుగా పోయే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఇంగ్లీషుకు కొదవ లేదు. నేల అడుగున సున్నపురాయి ఉంది. దాన్ని నమ్ముకుని చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెంట ‘హెల్మెట్స్ మస్ట్ బి వోర్న్’ తరహా హెచ్చరికలూ వచ్చాయి. పక్కనే నడికుడి జంక్షను. మిర్చి, పత్తి వేసే పల్లెలు కాబట్టి పురుగుమందు డబ్బాలు, వాటి మీద చీటీలు. ఇక బ్యాంకు ఫారాలు, ఫీజు రసీదులు ఎటూ ఉన్నవే. వీటన్నిటిలో నడిచేది ఒకే రకం ఇంగ్లీషు. ఏం చేయాలో, ఏం చేయకూడదో, ఏం చేయొచ్చో చెబుతుంది. ఎవరు చేయాలో మాత్రం చెప్పదు.

బోర్డు మీద ఉన్నంతసేపు దానితో పేచీ లేదు. అదే సంగతిని ఒక నామవాచకానికి తగిలించి రాయమంటే పదో తరగతి పిల్లాడి పెన్ను ఆగిపోతుంది. ‘కట్టాల్సిన ఫీజు’ అన్న చిన్న మాటనే తీసుకుందాం. ‘ది ఫీ విచ్ మస్ట్ పే’ అని ఒకడు రాస్తాడు. ‘విచ్ మస్ట్ పెయిడ్’ అని ఇంకొకడు. ‘మస్ట్ పే ఫీ’ అని తెలుగు వరసలోనే పేర్చేవాడు ఒకడు. ‘ది ఫీ విచ్ ఇట్ మస్ట్ బి పెయిడ్’ అని అన్నీ పెట్టి, పైన ఒక ‘ఇట్’ కూడా వేసేవాడు మరొకడు. మొదటి వాడి లెక్క ప్రకారం ఫీజే ఎవరికో డబ్బు కట్టాలి!

వీళ్ళెవరికీ గ్రామరు రాదనుకుంటే పొరపాటు. మోడల్స్ అడగండి, క్యాన్ కుడ్ షల్ షుడ్ అని గడగడా అప్పజెబుతారు. పాసివ్ అడగండి, బి ఫారం ప్లస్ వీ త్రీ అంటారు. రిలేటివ్ క్లాజు అంటే మనుషులకు హూ, వస్తువులకు విచ్ అనీ తెలుసు. మూడూ మూడు పాఠాలు, మూడు వేరు వేరు నెలల్లో చెప్పినవి. మూడింటినీ ఒకే చోట నిలబెట్టి చూపించే పాఠం మాత్రం చాలా పుస్తకాల్లో కనపడదు. తెలుగేమో ఆ మూడు పనులనీ ‘కట్టాల్సిన’ అన్న ఒక్క మాటతో కానిచ్చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉందని ఈ కాలమ్ రాసేవాడి నమ్మకం.

ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో చూడాలి. ఫీజు కట్టాల్సిన పిల్లాడు. పిల్లాడు కట్టాల్సిన ఫీజు. ఫీజు కట్టాల్సిన కౌంటరు. ఫీజు కట్టాల్సిన రోజు. నాలుగు చోట్లా క్రియ అదే, రూపం అదే, వెనకొచ్చే నామవాచకం ఒక్కటే మారింది. పిల్లాడు కట్టేవాడు, ఫీజు కట్టే సొమ్ము, కౌంటరు చోటు, రోజు కాలం. ఈ తేడాలను మనం ఏ గుర్తూ లేకుండానే పోల్చుకుంటాం, ఎందుకంటే లోకజ్ఞానం ఆ పని చేసిపెడుతుంది. ఇంగ్లీషుకు ఆ భరోసా లేదు. పిల్లాడికి హూ కావాలి, ఫీజుకు విచ్ కావాలి, కౌంటరుకు వేర్, రోజుకు వెన్. అది చాలక, హూ తర్వాత ‘మస్ట్ పే’ అనాలి, కట్టేవాడి పేరు లేకపోతే విచ్ తర్వాత ‘మస్ట్ బి పెయిడ్’ అనాలి. తెలుగు వినేవాళ్ళకు వదిలేసిన ప్రశ్నలన్నిటికీ ఇంగ్లీషు అక్కడికక్కడే జవాబు రాయమంటుంది.

లోకజ్ఞానం చేతులెత్తేసే సందర్భాలూ లేకపోలేదు. పెళ్ళి పిలుపుల లిస్టు రాస్తూ ‘పిలవాల్సిన బావ ఒకడు మిగిలాడు’ అంటే, మనం అతన్ని పిలవాలి. అదే కాఫీ తాగుతూ ‘మనల్ని పిలవాల్సిన బావే మర్చిపోయాడు’ అంటే పిలవాల్సింది అతను. రెండో వాక్యంలో ‘మనల్ని’ తీసేస్తే రెండు అర్థాలూ ఒకే గూట్లో పడతాయి. ఇంగ్లీషులో ఆ ఇద్దరు బావలూ ఎప్పటికీ కలవరు: ఒకడు ‘హూ మస్ట్ బి ఇన్‌వైటెడ్’, ఇంకొకడు ‘హూ మస్ట్ ఇన్‌వైట్’. పాసివ్ ఎందుకు అని అడిగే పిల్లలకు రాముడు రావణుణ్ణి చంపడం కంటే ఈ బావల ముచ్చట త్వరగా ఎక్కుతుంది.

రాముడు, రావణుడి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. రెన్ అండ్ మార్టిన్ కాలం నుంచీ మన క్లాసుల్లో వాయిస్ అంటే వాక్యాన్ని తిరగేసే ఆటే. కర్త వెనక్కి పోవాలి, ముందు ‘బై’ తగిలించాలి. ఆ అలవాటుతోనే పిల్లలు ‘ది ఫీ విచ్ మస్ట్ బి పెయిడ్ బై ది స్టూడెంట్స్’ అని తోక తగిలిస్తారు. చేసేవాడిని వాక్యంలోంచి తప్పించడానికే చాలాసార్లు పాసివ్ వాడతారు. మనం అతన్ని మెడపట్టి మళ్ళీ లోపలికి తెస్తాం.

ద్రావిడ భాషలకు అసలైన పాసివ్ అంటూ లేదని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో అచ్చయిన తన తులనాత్మక వ్యాకరణంలోనే రాశాడు. ‘బడు’ చేర్చి కట్టే కర్మణి వాక్యం మనకు పండితుల కలం నుంచీ, ఆఫీసు కాగితాల నుంచీ అలవాటయింది తప్ప, నోటి మాటలో దానికి చోటు తక్కువ. ఫీజు చెల్లించబడింది అని దాచేపల్లి సెంటర్లో ఎవరూ అనరు. ఫీజు కట్టేశారు అంటారు. కనబడు, వినబడు, పట్టుబడు లాంటివి వేరే సంగతి, అవి ఏనాడో సొంత క్రియలైపోయాయి. కాబట్టి ‘విచ్ మస్ట్ బి పెయిడ్’కు తెలుగు చెప్పమన్నప్పుడు ‘చెల్లించబడవలసిన’ అని బోర్డు మీద రాయడం పిల్లాడికి సాయం కాదు. తెలియని ఇంగ్లీషుకు తెలియని తెలుగు అర్థమవుతుంది, అంతే. ‘కట్టాల్సిన’ అని రాస్తే వాడికి సగం పాఠం అప్పుడే వచ్చేసినట్టు.

ప్రపంచంలో అందరూ ఇంగ్లీషు లాగానే చేస్తారనీ కాదు. ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ 1977లో ఎన్నో భాషల రిలేటివ్ క్లాజులను పక్కపక్కన పెట్టి చూశారు. మడగాస్కర్‌లో మాట్లాడే మలగాసీ భాషలో అలాంటి క్లాజు వాక్యంలోని కర్తకు మాత్రమే కుదురుతుంది. ‘ఆమె ఉతికిన బట్టలు’ అనాలంటే మలగాసీవాళ్ళు ముందు వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పి, బట్టలను కర్త స్థానంలో కూర్చోబెట్టాల్సిందే. వాళ్ళకు పాసివ్ తప్పనిసరి, మనకు అక్కర్లేనిది, ఇంగ్లీషుకు మధ్యరకం. ఈ మధ్యరకంతోనే తంటా. ఎప్పుడు వాడాలో తెలిసి ఉండాలి.

దానికి ఒక సులువు ఉంది. తెలుగు మాటలో చేసేవాడు ఉన్నాడో లేడో ముందు చూసుకోవడం. ‘నువ్వు కట్టాల్సిన ఫీజు’ అన్నప్పుడు ‘నువ్వు’ కళ్ళ ముందే ఉన్నాడు. ‘ది ఫీ యు మస్ట్ పే’ అంటే చాలు, పాసివ్ జోలికి పోనక్కర్లేదు. ‘కట్టాల్సిన ఫీజు’ అని ఊరికే అన్నప్పుడు చేసేవాడు లేడు, ‘బి’ రావాలి. ‘బి’ వచ్చాక వీ త్రీ తప్పదు. పదిసార్లు ఫార్ములా బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క ప్రశ్న అడిగించడం మేలు. రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి కదా, ఈ పోలిక చేయించడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. చాలామంది పిల్లలు ఆ రెండు పేజీల్లో ఒకదాన్ని మడిచి పెట్టేస్తారన్నది వేరే దిగులు.

కాదనే మాటల దగ్గరకొస్తే తెలుగుదే పైచేయి. పల్నాటి మిర్చి వేసిన పచ్చడి ‘తినలేని కారం’ కావచ్చు. షుగరున్న మనిషికి జిలేబీ ‘తినకూడనిది’. ఇంగ్లీషులో రెండింటికీ ‘కెనాట్ బి ఈటెన్’ అని సర్దేస్తే చేతకానిదీ, చేయరానిదీ ఒకటైపోతాయి. రెండోదానికి ‘మస్ట్ నాట్’ గానీ ‘షుడ్ నాట్’ గానీ వేయాలి. ఇక ‘కట్టనక్కర్లేని ఫీజు’ ఉంది. దీనికి ‘మస్ట్ నాట్ బి పెయిడ్’ అని రాస్తే కట్టడమే నేరమన్న అర్థం వస్తుంది. ‘నీడ్ నాట్ బి పెయిడ్’ అనాలి. మాస్టర్లు కూడా అప్పుడప్పుడు ఇక్కడ కాలు జారుతుంటారు.

పురుగుమందు చీటీ మీద ఈ తేడా ఉత్త మార్కుల విషయం కాదు. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం విషం తీవ్రతను బట్టి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులుంటాయి, ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం. చీటీ ప్రాంతీయ భాషల్లోనూ ఉండాలి గానీ, ఆ చిన్న అక్షరాలను చదవడానికి ఇంట్లో చదువుకునే పిల్లనే పిలుస్తారు. కలపకూడని మందు, కొట్టకూడని పంట, ఆఖరిసారి కొట్టాక కోతకు ముందు ఆగాల్సిన రోజులు, అన్నీ ఆ పిల్లే చెప్పాలి. ‘మందు కొట్టకూడని పంట’ను ఇంగ్లీషులో పెట్టేటప్పుడు మనం మింగేసిన ‘మీద’ తిరిగి రావాలి: ‘ది క్రాప్ ఆన్ విచ్ ఇట్ మస్ట్ నాట్ బి స్ప్రేయ్డ్’. అయితే స్ప్రే అనే క్రియ రెండు రకాలుగా లొంగుతుంది, మందునూ స్ప్రే చేయొచ్చు, పంటనూ స్ప్రే చేయొచ్చు. అందుకని ‘ది క్రాప్ దట్ మస్ట్ నాట్ బి స్ప్రేయ్డ్’ అన్నా తప్పు కాదు.

జరిగిపోయినదాని గురించి చెప్పాల్సొస్తే క్రియల వరుస ఇంకా పొడుగవుతుంది. ‘పూతకు ముందే కొట్టి ఉండాల్సిన మందు’ అని రైతు అనేదాన్ని ‘ది పెస్టిసైడ్ దట్ షుడ్ హావ్ బీన్ స్ప్రేయ్డ్ బిఫోర్ ఫ్లవరింగ్’ అనాలి. నాలుగు క్రియలు ఒకదాని వెంట ఒకటి, వరస మారడానికి వీల్లేదు. తెలుగులో ‘ఉండాల్సిన’ మోసే బరువును ‘షుడ్ హావ్’ మోస్తుంది, ‘బి’ కాస్తా ‘బీన్’ అవుతుంది, చివర వీ త్రీ కదలకుండా నిలుస్తుంది. పంట నష్టానికి ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని ఇంటర్ చదివే మనవరాలి ముందు కాగితం పెట్టే తాతకు కావాల్సింది సరిగ్గా ఈ వాక్యమే.