తారీఖు దిద్దే ముందు

డేటాబేస్‌లో పేరు తప్పు పడితే ఎవరో ఒకరు చూసి చెబుతారు. తారీఖు తప్పు పడినా తారీఖులాగే కనిపిస్తుంది. ఈ కాలమిస్టును ఏళ్లుగా కలవరపెడుతున్నది అదే.

05/08 అని ఉందనుకోండి. మనకది ఆగస్టు 5, అమెరికా పద్ధతికి అమర్చిన సాఫ్ట్‌వేర్‌కు మే 8. ఫైల్ ఎక్కించేటప్పుడు రోజూ నెలా తారుమారైతే, 12 దాటిన తేదీల దగ్గర పని ఆగుతుంది, పదమూడో నెల లేదు కాబట్టి. 12 లోపువి మాత్రం చడీచప్పుడు లేకుండా లోపలికి పోతాయి. 1-1, 2-2 లాంటివి పోను ఏడాదిలో 132 రోజులకు ఈ గండం ఉంది.

అవి పసిపిల్లల పుట్టిన తేదీలైతే? మన టీకాల పట్టిక ప్రకారం పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వెయ్యాలి. ఆగస్టు 5న పుట్టిన పాప మే 8న పుట్టినట్టు నమోదైతే, మూడో డోసు గడువు ఆగస్టు 14కే వచ్చేస్తుంది. పాపకు అప్పటికి తొమ్మిది రోజులే.

మళ్లీ తిరగేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ సరిగ్గా నమోదైన వరసలూ అదే పట్టికలో కలిసిపోయి ఉంటాయి. వాటినీ తిప్పేస్తే కొత్త తప్పు. ఏ వరస ఏ ఫైల్‌లోంచి వచ్చిందో చెప్పే కాలమ్ ఉంటే వేరు చేయవచ్చు, లేకపోతే కాగితపు రిజిస్టర్ తెప్పించుకోవాల్సిందే.

అందుకే చేయి తిరిగినవాళ్లు 'అప్‌డేట్' నడిపే ముందు అదే 'వేర్' షరతుతో 'సెలెక్ట్' నడిపి వరసలు లెక్కపెడతారు. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, మారిన వరసల సంఖ్య ఆ లెక్కతో సరిపోతేనే 'కమిట్' చేస్తారు, లేదంటే 'రోల్‌బ్యాక్'. పాత తేదీని పక్క కాలమ్‌లో దాచుకుంటే ఇంకా మంచిది. షరతు రాయడం మరిచిపోతే పట్టికంతటికీ ఒకే తేదీ పడుతుంది.

నెలలు కలపడం మరో తంటా. 2023 ఫిబ్రవరి 28కి ఒక నెల కలపమంటే మైఎస్‌క్యూఎల్ మార్చి 28 ఇస్తుంది. ఒరాకిల్‌లోని యాడ్ మంత్స్ నెలాఖరుకు నెలాఖరే అనుకుని మార్చి 31 ఇస్తుంది. వాయిదా కట్టే మనిషికి మూడు రోజుల తేడా.

అసలు తేదీయే తెలియని వాళ్లూ ఉన్నారు. ఆధార్ నమోదులో వయసు మాత్రమే చెప్పగలిగిన పెద్దలకు ఆ ఏటి జనవరి 1 వేసి, అది 'సుమారు' అని గుర్తు పెడతారు. అలాంటి గుర్తు లేని పట్టికలో, నిజంగా జనవరి 1న పుట్టినవాళ్లను వేరుచేసే షరతు ఏ 'వేర్'లోనూ రాయలేం.