వేళ్లకు తెలిసిన పై వరుస

జూన్ వచ్చిందంటే బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు తోతాపురి లోడ్లు బారులు తీరతాయి. కాటా దగ్గర ఎంత హడావుడో, లెక్కల బల్ల దగ్గరా అంతే. టాలీ బాగా అలవాటైన గుమాస్తా చేతిని కాసేపు గమనించండి. మౌస్ జోలికే పోదు. ఎఫ్9 కొడితే కొనుగోలు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు. తేదీ మార్చాలంటే ఎఫ్2. రైతు పేరులో రెండక్షరాలు కొట్టేసరికి ఖాతా తేలుతుంది. కంట్రోల్, ఏ కలిపి నొక్కితే పద్దు పడినట్టే.

ఈ టాలీ పక్కనున్న బెంగళూరులో 1986లో పుట్టిన లెక్కల ప్రోగ్రాం. తండ్రి శ్యాంసుందర్ గోయెంకా వ్యాపార లెక్కల కోసం కొడుకు భరత్ గోయెంకా రాశారు.

ఇక ఈ ఎఫ్ మీటల సంగతి. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇవి పదే, అవీ ఎడమ పక్కన. తర్వాత పన్నెండై పైకెక్కాయి, నాలుగింటికో సందు వదిలి. ఆ సందులోనే ఉంది పనితనం. చెల్లింపు, వసూలు, జర్నల్, అమ్మకం నాలుగూ సరిగ్గా నడిమి గుంపులో పడ్డాయి. సందు తగిలిందంటే ఆ పక్కది ఎఫ్5. కన్ను తెర మీదే ఉంటుంది. కావాలని కుదిర్చారో లేదో గానీ, భలే కుదిరింది. ఆపిల్ 2016లో కొన్ని మోడళ్లలో ఈ మీటలు తీసేసి గాజుపట్టీ పెట్టింది. 2021లో పెద్ద ప్రో మోడళ్లకు మళ్లీ నిండు మీటలే ఇచ్చింది.

ల్యాప్‌టాప్‌లో చిక్కల్లా వీటి మీద అచ్చేసిన వెలుతురు, శబ్దం బొమ్మలతోనే. కొన్నింట్లో ఎఫ్8 మీద విమానం బొమ్మ ఉంటుంది. అమ్మకం బిల్లు తెరుద్దామని నొక్కితే వైఫై పోతుంది! చాలా మోడళ్లలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు, ఎఫ్ మీటలు తమ పనికి వస్తాయి. బొమ్మల పనికే ఎఫ్‌ఎన్ పట్టుకోవాలి. ఆ సదుపాయం లేకపోతే బయాస్ సెట్టింగుల్లో మార్చుకోవాలి. మిగతా మీటల్ని పవర్‌టాయ్స్ అనే విండోస్ పనిముట్టుతో ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు గానీ, ఎఫ్‌ఎన్ సాధారణంగా విండోస్ దాకా రాదు, కీబోర్డు చిప్ దగ్గరే ఆగిపోతుంది. టాలీలోనే కొత్త మీట కావాలంటే దాని సొంత భాష టీడీఎల్ తెలిసినవాళ్లు రాసిపెడతారు.

లెక్కల కోసం ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ర్యామ్ సంగతి అడిగాక, ఎస్కేప్ మీట మీద ఎఫ్‌ఎన్ తాళం బొమ్మ ఉందేమో, ఎఫ్4 పక్కన సందు వదిలారేమో కూడా చూసుకోండి.