మోగని ఈల మీద రెండు ఫిర్యాదులు

2023 జనవరి 28, బోస్టన్. లేకర్స్, సెల్టిక్స్ మ్యాచ్‌లో స్కోరు 105–105. చివరి క్షణాల్లో లెబ్రాన్ జేమ్స్ బాస్కెట్ వైపు దూసుకెళ్లి లేఅప్‌కి ఎగిరాడు. జేసన్ టేటమ్ చెయ్యి బంతికి కాక అతని ఎడమ చేతికి తగిలింది. బంతి పడలేదు. ఈలా మోగలేదు. లెబ్రాన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఓవర్‌టైమ్ మొదలయ్యేలోపు అతని సహచరుడు పాట్రిక్ బెవర్లీ కోర్టు పక్కనున్న ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా తీసుకుని, ఇదిగో చూడండంటూ రిఫరీ దగ్గరికి నడిచాడు. దానికి దొరికిన జవాబు టెక్నికల్ ఫౌల్. లేకర్స్ 125–121తో ఓడారు. మ్యాచ్ అయ్యాక క్రూ చీఫ్ చెయ్యి తగిలిన మాట నిజమేనని, ఆ క్షణంలో తమకు కనబడలేదని చెప్పాడు. లీగ్ రిపోర్టు కూడా అదే తేల్చింది.

కెమెరా పట్టుకెళ్లడం వింతే. కానీ ఆ రాత్రి లేకర్స్ బెంచీకి వేరే దారి లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2019–20 సీజన్ నుంచి కోచ్ చాలెంజ్ ఉంది. టైమ్ అవుట్ అడిగి, చూపుడు వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే రిఫరీలు రిప్లే చూస్తారు. 2023–24 నుంచి మొదటి చాలెంజ్ గెలిచినవాళ్లకు రెండోదీ దక్కుతోంది. అయితే ఇదంతా ఊదిన ఈల మీదే. తన ఆటగాడి మీద వేసిన ఫౌల్ ఫౌల్ కాదని కోచ్ వాదించవచ్చు గానీ, ఎదుటివాడి మీద వేయని ఫౌల్‌ని వేయమని అడగడానికి వీల్లేదు. కోచ్‌ల అసలు బాధ ఎప్పుడూ ఆ రెండోదే. తప్పుగా ఊదితే కోపం వస్తుంది. ఊదకపోతే అనుమానం వస్తుంది, వాళ్లకైతే ఊదేవాడు కదా అని.

ఆ అనుమానం బాహాటంగా బయటపడ్డ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడటం బాగుంటుంది. ఒకటి 2017 ఏప్రిల్ 17న మెంఫిస్ గ్రిజ్లీస్ కోచ్ డేవిడ్ ఫిజ్‌డేల్ ప్రెస్‌మీట్. రెండోది 2024 మే 8న ఇండియానా పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్ ప్రెస్‌మీట్. ఇద్దరివీ ప్లేఆఫ్స్. ఇద్దరూ పరాయి ఊళ్లో వరసగా రెండు మ్యాచ్‌లు ఓడి, సొంత కోర్టుకి తిరిగివెళ్లబోతూ మాట్లాడారు. పోలిక అంతవరకే. మాట్లాడిన తీరులో ఎక్కడా పొంతన లేదు.

ఫిజ్‌డేల్‌కు హెడ్ కోచ్‌గా అదే మొదటి సీజన్. శాన్ ఆంటోనియో చేతిలో ఓడి వచ్చి కూర్చుని లెక్కలు చదివాడు. మేము బాస్కెట్ కింద 35 సార్లు షాట్ వేస్తే మాకొచ్చిన ఫ్రీ త్రోలు 15. వాళ్లు 18 సార్లు వేస్తే 32. వాళ్ల కవాయ్ లెనార్డ్ ఒక్కడే మా జట్టంతటికన్నా ఎక్కువ ఫ్రీ త్రోలు వేశాడు. చెప్పాల్సింది చెప్పి, బల్ల చరిచి లేచిపోయాడు. ఈ లెక్కల మధ్యలో అతనన్న ఒక మాట చాలామంది దృష్టిని తప్పించుకుంది. తన ప్రధాన ఆటగాడు మైక్ కాన్లీ గొడవపడే మనిషి కాదు, మర్యాదస్తుడు. అయినా మమ్మల్ని ఇలా చూస్తే ఊరుకోనన్నది అతని మాట. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఫిజ్‌డేల్ ఆక్రోశమంతా నిజానికి అదే.

కార్లైల్ ఈ విద్యలో పండిపోయినవాడు. 2011లో డాలస్‌కు చాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు, కోచ్‌ల సంఘానికి అధ్యక్షుడు. న్యూయార్క్‌లో రెండో మ్యాచ్ చివర్లో రెండు టెక్నికల్ ఫౌల్స్‌తో బయటికి పంపారు. బయటికొచ్చి అతను బల్ల చరచలేదు. మొదటి మ్యాచ్‌లో 29 నిర్ణయాలు తప్పని తాము గుర్తించామని, ఈసారైనా ఈల సమంగా మోగుతుందన్న ఆశతో వాటిని లీగ్‌కి పంపకుండా ఆపానని, ఇక పంపక తప్పదని చెప్పాడు. రెండు మ్యాచ్‌లవీ కలిపి లీగ్‌కి చేరినవి 78. ఆపైన, చిన్న నగరాల జట్లకు కూడా సమాన అవకాశం దక్కాలని ఒక మాట వదిలాడు.

ఫిర్యాదుగా ఏది బలమైంది? పైకి చూస్తే కార్లైల్‌దే. ప్రతి ఘటనకూ వీడియో ఉంది, సమయం ఉంది. ఫిజ్‌డేల్ చెప్పింది మొత్తాలు మాత్రమే. ఫలానా నిమిషంలో ఫలానావాడు ఫలానావాణ్ణి కొట్టాడని ఒక్కటీ లేదు. ఫ్రీ త్రోల తేడా రిఫరీల పక్షపాతానికి రుజువు కాదని బాస్కెట్‌బాల్ తెలిసిన ఎవరైనా చెబుతారు. ఒక జట్టు ఒంటి మీదికి వచ్చి ఆడుతుంది, ఇంకో జట్టు దూరం నుంచి వేస్తుంది. బాస్కెట్ కింద వేసిన షాట్లను పక్కన చేర్చి ఫిజ్‌డేల్ ఆ అభ్యంతరానికి ముందే కొంత అడ్డుకట్ట వేశాడన్నది ఒప్పుకోవాలి. అయినా అది సందేహం పుట్టించే అంకె, అంతకుమించి ఏమీ కాదు.

కార్లైల్ ఫైలుకీ ఒక లోపముంది. అది ఒక పక్షం తయారు చేసిన జాబితా. అదే రెండు మ్యాచ్‌లలో న్యూయార్క్‌కి ఊదాల్సి ఉండి ఊదని ఈలలెన్నో అందులో ఉండవు, ఉంటాయని ఎవరూ ఆశించరు కూడా. ఇక చిన్న నగరాల మాట ఎత్తగానే అతను తన ఫైలును తానే పాడుచేసుకున్నాడని నా అభిప్రాయం. 78 వేర్వేరు పొరపాట్లను ఒక్కొక్కటిగా తేల్చుకోవచ్చు. వాటన్నిటి వెనకా ఒకే ఉద్దేశం ఉందన్నాక ఇక తేల్చుకునేదేముంది, తగవు తప్ప. ఫిజ్‌డేల్ కోపంలో కుట్ర సిద్ధాంతం లేదు, మమ్మల్ని లెక్కచేయడం లేదన్న ఉక్రోషమే ఉంది. ఆధారాల్లో కార్లైల్ మెరుగు. నిజాయితీలో, నాకైతే, ఫిజ్‌డేల్.

లీగ్ మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. ఫిజ్‌డేల్‌కు 30,000 డాలర్ల జరిమానా, కార్లైల్‌కు 35,000. క్లబ్బులు వీడియోలు పంపుకోవచ్చు, లీగ్ వాటిని చూస్తుంది. మైకు ముందు నోరు విప్పడమే నేరం. ఫిర్యాదు చెయ్యి, కానీ నా చెవిలో చెయ్యి అన్నది ఎన్‌బీఏ పద్ధతి.

ఇద్దరు కోచ్‌ల జట్లూ సొంతూరికి వెళ్లి తర్వాతి రెండేసి మ్యాచ్‌లు గెలిచాయి. ప్రెస్‌మీట్ పనిచేసిందా? సొంత ప్రేక్షకుల ముందు ఏ జట్టయినా మెరుగ్గానే ఆడుతుంది కాబట్టి దీన్నుంచి ఏమీ రుజువు కాదు. కానీ రెండూ ఎందుకు ఆ సమయంలోనే వచ్చాయో అర్థమవుతుంది. కోచ్‌కు కావలసింది పోయిన ఈల కాదు, రాబోయే ఈల. ఈ సంగతి అందరికన్నా నగ్నంగా బయటపడింది 2005లో. హూస్టన్, డాలస్ సిరీస్‌లో హూస్టన్ 2–0 ఆధిక్యంలో ఉంది. హూస్టన్ ఆటగాడు యావ్ మింగ్ కదులుతూ స్క్రీన్లు పెడుతున్నా (అడ్డు నిలుస్తున్నా) ఊదడం లేదని డాలస్ యజమాని మార్క్ క్యూబన్ లీగ్‌కి ఫిర్యాదు చేశాడు. ఆ తర్వాత రిఫరీలు యావ్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచారని తనకు ఒక అఫీషియలే చెప్పాడని హూస్టన్ కోచ్ జెఫ్ వాన్ గండీ బయటపెట్టాడు. లీగ్ అతనికి 1,00,000 డాలర్ల జరిమానా వేసింది. సిరీస్ ఏడు మ్యాచ్‌లకు వెళ్లి డాలస్ గెలిచింది. వాన్ గండీ మాటలో నిజమెంతో పక్కన పెడదాం. ఆ లోకంలో పనిచేసేవాళ్లు ఫిర్యాదును ఎలా వాడతారో, ఎలా పనిచేస్తుందని నమ్ముతారో అందులో కనిపిస్తుంది.

పోయిన ఈల సంగతి చూసుకోవడానికి ఎన్‌బీఏ 2015 మార్చిలో ఒక పద్ధతి పెట్టింది. హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల మీద మర్నాడు రిపోర్టు వేస్తుంది. మొదట్లో ఐదు పాయింట్ల తేడా దాకా వేసేవారు, తర్వాత దాన్ని మూడుకి తగ్గించారు. సరైన ఈల, తప్పు ఈల, సరిగ్గానే ఊదని ఈల, ఊదాల్సి ఉండి ఊదని ఈల అని నాలుగు గడులు. ఆ నాలుగో గడి ఏ క్రీడలోనైనా అరుదైన నిజాయితీ. 2007లో టిమ్ డోనహీ అనే రిఫరీ బెట్టింగ్ కేసులో నేరం ఒప్పుకున్నాక లీగ్‌కి ఇలాంటి తెరిచిన పుస్తకం అవసరమైందన్నదీ కాదనలేం. కానీ అది నిజం చెబుతుందే తప్ప పాయింట్లు తిరిగివ్వదు. 2016 క్రిస్మస్ నాడు కెవిన్ డ్యురాంట్ జట్టు క్లీవ్‌ల్యాండ్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడిన మ్యాచ్‌లో అతని మీద ఫౌల్ జరిగిందని రిపోర్టు తేల్చింది. డ్యురాంట్ సంతోషించలేదు సరికదా, రిఫరీలను ఇలా వీధిన పెట్టడమేమిటని మండిపడ్డాడు. నష్టపోయినవాడే వద్దన్న ఉపశమనం అది.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దారి వేరు. మన దేశంలో ఆడేది ఆ నిబంధనలతోనే. విజయవాడలో అయినా వరంగల్‌లో అయినా స్కోర్ షీట్ ఫిబాదే. ఆ నిబంధనల పుస్తకం ప్రకారం రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌ది. అదీ మర్యాదగా, విషయం తెలుసుకోవడానికి, బంతి డెడ్ అయి గడియారం ఆగినప్పుడు మాత్రమే. అసిస్టెంట్ కోచ్ నిలబడవచ్చు గానీ రిఫరీలతో మాట్లాడకూడదు. కోచ్ సొంత ప్రవర్తనకు రెండు టెక్నికల్ ఫౌల్స్ పడితే బయటికి. ప్రొటెస్ట్‌కి దారి ఉంది. కెప్టెన్ స్కోర్ షీట్ మీద సంతకం పెట్టాలి. అయితే అది స్కోరు తప్పు, గడియారం తప్పు, ఆడే అర్హత లాంటి వాటికి. రిఫరీ కన్ను చూసిందీ చూడనిదీ దాని పరిధిలోకి రాదు.

ఈ పుస్తకాన్ని మూగదని కొట్టిపారేయడం తేలిక. కానీ అది అమలయ్యే చోటికి వెళ్లి చూడాలి. జిల్లా పోటీ, సిమెంటు కోర్టు, ఇద్దరు రిఫరీలు, కెమెరా లేదు. రిఫరీలూ కోచ్‌లూ చాలాచోట్ల పీఈటీలే. ఇవాళ ఈల పట్టినవాడు వచ్చే నెలలో బెంచీ మీద కూర్చుంటాడు. "సార్, చెయ్యి కొట్టాడు సార్!" అంటాడు కోచ్. "బంతికే తగిలింది సార్, నేను పక్కనే ఉన్నా," అంటాడు రిఫరీ పరిగెత్తుతూనే. రెండోసారీ అంతే. మూడోసారి కోచ్ గీత దాటి రెండడుగులు లోపలికి వస్తే రిఫరీ మాట్లాడడు, అరచెయ్యి చూపిస్తాడు. అప్పుడు తగ్గితే సరి, లేకపోతే టెక్నికల్. పుస్తకం కెప్టెన్‌కిచ్చిన మాట్లాడే హక్కును కోచ్ వాడేసుకుంటున్నాడు. రిఫరీ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. ఆ మాత్రం సడలింపు లేకపోతే మ్యాచ్ నడవదు.

మంచి రిఫరీ చేసేది అక్కడైనా న్యూయార్క్‌లోనైనా ఇంచుమించు ఒకటే. ప్రశ్న అయితే జవాబిస్తాడు. ఊరికే అరుపయితే వినిపించుకోడు. తననే ఉద్దేశించి చేసిన అవమానమయితే ఈల వేస్తాడు. కనబడకపోతే "నాకు అక్కణ్ణుంచి కనబడలేదు" అనగలడు. ఈ ఒక్క వాక్యం మర్నాటి రిపోర్టుకన్నా విలువైనదని నేననుకుంటాను, ఎందుకంటే కోచ్ ముఖం చూసి చెప్పినది అది. అన్నాక రెండు నిమిషాలకే ఆ బాకీ తీర్చడానికి అవతలివాళ్ల మీద లేని ఫౌల్ ఊదకుండా ఉండటం అంతకన్నా కష్టం. పోయిన ఈలను ఒప్పుకోవాలి, రాబోయే ఈలను అమ్ముకోకూడదు. ఈ నిగ్రహం అందరికీ అన్నివేళలా ఉండదు. జోయీ క్రాఫర్డ్ లాంటి పేరుమోసిన రిఫరీ కూడా 2007 ఏప్రిల్‌లో బెంచీ మీద కూర్చుని నవ్వినందుకు ఆటగాడు టిమ్ డంకన్‌ను బయటికి పంపి, ఆ సీజన్ మిగతా భాగమంతా సస్పెండయ్యాడు. ఇక రెచ్చగొట్టి బయటికి పోవాలని చూసే కోచ్‌లూ ఉంటారు, తమ జట్టును లేపడానికి. డెన్వర్‌లో 2019 ఏప్రిల్ 3న గ్రెగ్ పొపోవిచ్ 63 సెకన్లలో ఆ పని పూర్తిచేశాడు.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఇదంతా కొంత విడ్డూరంగానే ఉంటుంది. అక్కడ అప్పీలు లేనిదే అంపైర్ అవుట్ ఇవ్వకూడదు. అరవడం నిబంధనలోనే ఉంది. నాటౌట్ అన్నాక ఫీల్డింగ్ జట్టు రివ్యూకి వెళ్లవచ్చు. అంటే అంపైర్ ఇవ్వనిదాన్ని కూడా అడిగి తెచ్చుకోవచ్చు. కానీ క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఆట ఆగుతుంది. బాస్కెట్‌బాల్‌లో ప్రతి దాడిలోనూ నాలుగైదు చోట్ల ఒళ్లు తగులుతుంది, ఆట ఆగదు. ఊదని ప్రతి ఈలనూ చాలెంజ్‌కి తెరిస్తే మ్యాచ్ తెల్లవారేదాకా సాగుతుంది.

అయినా తలుపు కొంచెం తెరుచుకుంది. 2024–25 నుంచి ఎన్‌బీఏలో బంతి బయటికి పోయిందన్న నిర్ణయం రివ్యూకి వస్తే, దానికి ఆనుకుని జరిగిన, ఊదని ఫౌల్‌ని కూడా రిఫరీలు చూడవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఫిబా కూడా వీడియో ఉన్న మ్యాచ్‌లలో కోచ్‌కు ఒక చాలెంజ్ ఇచ్చింది. అదీ నిబంధనల్లో రాసిన కొన్ని సందర్భాలకే. బంతి గీత దాటితేనే ఫౌల్ కనిపించాలన్న ఎన్‌బీఏ షరతుకు నాకు తర్కం దొరకడం లేదు. దానికన్నా చివరి రెండు నిమిషాల్లో, స్కోరు తేడా మూడులోపు ఉన్నప్పుడు, షాట్ వేసినవాడి చెయ్యి మీద ఫౌల్ అని ఒక్కదానికే జట్టుకో అవకాశం ఇచ్చి చూడవచ్చు. రిపోర్టు కోసం మర్నాడు ఎలాగూ చూస్తున్నది ఆ రెండు నిమిషాలనే. ఆ చాలెంజ్ ఓడినవాడికి టైమ్ అవుట్ పోతుంది. అది లేనివాడికి అడిగే హక్కూ ఉండదు.