ఖురాను అనువాదమున లక్షణ, వ్యంజన, విరామము

మతగ్రంథముల అనువాదమును మన విమర్శకులు చాలవరకు మతవిషయముగనే యెంచి విడిచినారు. అది సాహిత్యవిమర్శకును విషయమే యని మా యభిప్రాయము. ఓరుగల్లు సీమలోని రఘునాథపల్లి వంటి గ్రామమున అరబ్బీ యెరుగని పాఠకునికి తెలుగు ఖురానే ఖురాను. ‘ఆంధ్రభాషాచరిత్రము’ రచించిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేసిరి. తరువాతను పలువు రనువదించిరి. వారందరి ముందు నిలిచిన చిక్కు నిచ్చట పరిశీలింతము.

ముఖ్యార్థమునకు బాధ కలిగినచోట మన ఆలంకారికులు లక్షణ నంగీకరింతురు. అరబ్బీ శాస్త్రమున దీనికి సమీపమైనది ‘మజాజ్’. ఉపవాసప్రకరణమున (2:187) తెల్లదారము నల్లదారమునుండి వేరుగ కనబడువరకు భుజింపవచ్చునని కలదు. అదీ బిన్ హాతిమ్ నిజముగనే రెండు త్రాళ్లను తలగడ క్రింద నుంచుకొని చూచెననియు, అవి రాత్రి నలుపు, ఉదయపు తెలుపు అని ప్రవక్త వివరించెననియు హదీసు చెప్పుచున్నది. ఇచట వాచ్యమును పట్టుకొన్నచో విధియే తప్పిపోవును. అయినను మజాజ్ సర్వసమ్మతము కాదు. దేవుని హస్తము, సింహాసనము అను మాటలను జమఖ్షరీ (మరణము 1144) లాక్షణికముగ వ్యాఖ్యానింపగా, ఇబ్న్ తైమియ్యా (మరణము 1328) ముఖ్యము, లాక్షణికము అను విభాగమునే నిరాకరించెను. మన మహిమభట్టు ధ్వనిని అనుమానమున చేర్చినపుడు వివాదము వ్యాపారమును గూర్చినది. ఇచటి వివాదము దైవస్వరూపమునే తాకుచున్నది.

గూఢార్థము వేరొక మెట్టు. జ్యోతిర్వాక్యమున (24:35) గల గూడు, గాజు, దీపము, వృక్షము, తైలము అనువానిని గజాలీ (1058–1111) ‘మిష్కాతుల్ అన్వార్’ అను గ్రంథమున మానవాత్మయొక్క అయిదు శక్తులతో సమన్వయించెను. కాని బాహ్యార్థమును త్రోసివేయువానిని, ఆంతరార్థమును కాదనువానిని అతడు సమానముగ నిరాకరించెను. వాచ్యము వ్యంగ్యమునకు ఉపాయమే కాని బలిపశువు కాదను ఆనందవర్ధనుని మతమున కిది చేరువగ నున్నది.

ఈ సామ్యము ఒకచోట తెగిపోవును. మూడవ అధ్యాయము ఏడవ వాక్యము గ్రంథమున స్పష్టార్థములు (ముహ్కమాత్), సందిగ్ధార్థములు (ముతషాబిహాత్) అను రెండు విధముల వాక్యములు గలవని చెప్పి, రెండవవాని పరమార్థ మెరిగిన దెవరో పేర్కొనును. ‘దేవుడు’ అనుచోట ఆగినచో ఆయన యొక్కడే యెరుగును. జ్ఞానమున స్థిరులైనవారు విశ్వసించి యూరకుందురు. ఆగక చదివినచో వారును ఎరుగుదురు. ఈ రెండు పఠనములును ప్రాచీనములే. మన శాస్త్రమున సహృదయునికి తుదకు అందని వ్యంగ్యము లేదు. ఇచట అందకుండుటయే యొక యర్థము.

మూలమున ఈ ద్వైధమును నిలిపినది ‘వ’ అను చిన్న సముచ్చయము. అది పదమునకు ముందు నిలిచి, నామములను కలుపను గలదు, క్రొత్త వాక్యము నెత్తుకొనను గలదు. తెలుగు సముచ్చయము పదాంతమున నంటుకొనును. ‘దేవుడును, జ్ఞానులును’ అన్నచో ఒక పక్షము. ‘దేవుడు తప్ప ఎవ్వరు నెరుగరు’ అని బిందువు పెట్టినచో రెండవ పక్షము. ఉభయముల నొకేసారి పలుకుట మన వాక్యమునకు సాధ్యము కాదు.

కావున అనువాదకుడు తటస్థుడనని చెప్పుకొనజాలడు. అలంకారమును మూలమున అలంకారముగనే నిలిపి, వివరణమును టిప్పణమున నుంచుట మేలని మా మతము. ఈ యేడవ వాక్యమునకు మాత్రము, తాను విడిచిన పఠనమును గూడ టిప్పణమున తెలుపుట అతనికి విధి. లేనిచో తెలుగు పాఠకునికి వేయి యేండ్లకు పైబడిన చర్చ యొక బిందువు క్రింద మరుగుపడును.