క్షారపాకము, అమ్లశమనము

సుశ్రుతసంహిత సూత్రస్థానమునందు పదునొకండవ అధ్యాయము క్షారపాకవిధిని గూర్చినది. శస్త్రచికిత్సకు పెట్టినది పేరైన ఆ గ్రంథమే, కోయుట, చీల్చుట, గీకుట అను మూడు పనులను కత్తితో నిమిత్తము లేకయే నెరవేర్చును గనుక క్షారము శస్త్రములన్నిటికంటె మేలైనదని చెప్పుట గమనింపదగినది. అయినను నన్నాకర్షించినది క్షారము కాల్చు శక్తి కాదు. ఆ కాల్పును ఎప్పుడు, దేనితో ఆపవలయునో ఆ వైద్యుడెరిగియుండుటయే.

మోదుగ, తాడి, రేల, కొడిసెపాల, జిల్లేడు, జెముడు, ఉత్తరేణి, కానుగ, అరటి మొదలైనవి క్షారమునకు పనికివచ్చు చెట్లు. ఇందు పెక్కు మన పొలముగట్ల మీదనే దొరకును. వానిని వేరు, కొమ్మ, ఆకు, కాయలతో కూడ కాల్చి, ఆ బూడిద ఒక ద్రోణమునకు ఆరు ద్రోణముల నీరుగాని గోమూత్రముగాని కలిపి, ఇరువదియొక్కమారు వడగట్టి, పెద్ద కటాహమున పోసి, గరిటెతో మెల్లగా కలియబెట్టుచు కాచవలయును. ద్రవము తేటపడి, ఎఱ్ఱనై, ఘాటెక్కి, వ్రేళ్లకు జారుడుగా తగిలినపుడు మరల వడియగట్టి, అందు కొంత వేరుగా తీసి, ఇనుపపాత్రలో నిప్పువలె కాలిన సున్నపురాళ్లను, ముత్యపుచిప్పలను, శంఖనాభిని అందు చల్లార్చి, నూరి, మిగిలిన ద్రవమున కలిపి, మిక్కిలి చిక్కనగాక, మిక్కిలి పలుచనగాక దించి, ఇనుపకుండలో పోసి మూతి మూయవలయును.

ఈ పనిలో ఒక్క అడుగైనను వృథాగా పడలేదు. బూడిదనీటిలో ప్రధానముగా నుండునది పొటాసియం కార్బొనేటు. దానికి సున్నము తోడైనచో సుద్ద అడుగున దిగి, పైతేటలో దాహకమైన పొటాసియం హైడ్రాక్సైడు నిలుచును. సున్నము చేర్చక కాచినది మృదుక్షారమనియు, చేర్చి కాచినది మధ్యమమనియు, దంతి, చిత్రమూలము వంటివి కూడ కూర్చినది తీక్ష్ణమనియు సుశ్రుతుని విభాగము. మృదువైన క్షారమునకును దాహకమైన క్షారమునకును గల భేదమునకు కారణము గాలిలోని బొగ్గుపులుసువాయువే యని ఐరోపాలో జోసెఫ్ బ్లాక్ నిరూపించినది 1756లో. కుండ మూతి తెరచియున్నచో ఆ వాయువే లోన చొచ్చి క్షారమును నీరసింపజేయును. కారణమెరుగకున్నను మన వైద్యుడు మూతి మూయించెను. బలము తగ్గినచో క్షారోదకము మరల పోయుమని కూడ చెప్పెను. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 1902లో వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో ఈ ప్రకరణమును ఘనముగా ప్రస్తావించుట ఊరకయే కాదు.

ఇక ప్రయోగము. శలాకతో క్షారమును పూసి, నూరు మాత్రలు పలుకునంత సేపు వేచియుండవలయును. పూసినచోటు నల్లబడుట సరిగా కాలినదనుటకు గుర్తు. అప్పుడు నేయి, యష్టిమధుకములతో కూడిన పుల్లని ద్రవ్యములను పూసి మంటను చల్లార్చవలయును. పుండు ఊడిరానిచో కాంజికపు మడ్డి, నువ్వులు, యష్టిమధుకము నూరి పట్టించవలయును. కాంజికమన వేరేమియు కాదు, మన యిండ్లలో వేసవినాడు కుండలో పులిసెడి తరవాణి జాతిది.

ఇచ్చట గ్రంథకర్త తానే ఒక శంక లేవదీయును. పులుపు తీక్ష్ణము, ఉష్ణము, క్షారమో అగ్నితుల్యము. రెండు వేడులు కలిసి చల్లదనమెట్లు కలుగును? క్షారమున పులుపు దక్క తక్కిన రసములన్నియు కలవనియు, పులుపుతో కూడినంతనే అందలి లవణరసము తన తైక్ష్ణ్యమును విడిచి మాధుర్యమును పొందుననియు, నీట మునిగిన నిప్పువలె శమించుననియు అతని సమాధానము. ఈ షడ్రసవాదమును నేటి రసాయనశాస్త్రముతో సమానము చేయబూనుట వెఱ్ఱితనము. అతనికి అయానులు తెలియవు. అయినను రెండు ఉగ్రద్రవ్యముల కలయిక మూడవదైన శాంతద్రవ్యమునకు జన్మమిచ్చునని గ్రహించుటయు, అది ఎట్లని ప్రశ్నించుటయు సామాన్యము కాదు. 1884లో ఆరీనియస్ ప్రతిపాదించిన అయాను సిద్ధాంతము వలన ఆ ప్రశ్నకు సరియైన ఉత్తరము దొరికినది: ఆమ్లము హైడ్రోజను అయానును, క్షారము హైడ్రాక్సైడు అయానును ఇచ్చును, రెండును కూడి నీరగును, మిగిలినవి లవణమగును. కాంజికములోని లాక్టిక్ ఆమ్లము పొటాసియం క్షారముతో కలిసినచో పొటాసియం లాక్టేటు పుట్టును. కార్బొనేటు ఉన్నచో పొంగి నురగలు లేచును.

ఈ శమనమును కంట చూడగోరువారికి పారాణి చాలును. పసుపున సున్నము తగిలినంతనే ఎఱ్ఱనగును. దానిపై నిమ్మరసము పిండినచో, సున్నపు బలము విరిగిన వెనుక, మరల పచ్చనగును.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. తటస్థీకరణము వేడి పుట్టించును. బలమైన ఆమ్లక్షారములు కలిసినపుడు ప్రతి మోలు నీటికి సుమారు 57 కిలోజౌళ్లు. అందుచేతనే నేడు చర్మముపై క్షారము పడినచో ఆమ్లము వెదకక, విస్తారమైన నీటితో చాలసేపు కడుగుమని వైద్యులందురు. సుశ్రుతుడు ఘాటైన ఆమ్లము నెన్నుకొనక, బలహీనమైన పులుపును నేతితో కలిపి వాడుటలో వివేకమున్నదని నా తలంపు.

ఈ విద్య గ్రంథములకే పరిమితము కాలేదు. భగందర చికిత్సకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పునరుద్ధరింపబడిన క్షారసూత్రమునకు జెముడుపాలు పదునొకండు పూతలు, ఉత్తరేణి క్షారము జెముడుపాలతో ఏడు, పసుపు అదే పాలతో మూడు, వెరసి ఇరువదియొక్క పూతలు. ఆయుర్వేద వైద్యశాలలలో నేటికిని ఆ దారమును కట్టుచునే యున్నారు.