ఆలస్యమే కాపలా

పాస్‌వర్డ్ ఊహించేవాడికి తెలివితేటలు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఆ ఓపికను ఎప్పుడో ప్రోగ్రాములకు అప్పజెప్పేశారు. కొత్త వర్డ్‌ప్రెస్ సైటు తెరిచిన కొన్నాళ్లకే లాగ్‌లో వాటి జాడ కనిపిస్తుంది. 'అడ్మిన్' పేరుతో ఒకటి, 'టెస్ట్' పేరుతో ఒకటి, ఆఖరికి సైటు పేరునే యూజర్ నేమ్‌గా పెట్టి మరొకటి. సైట్లు చూసుకోవడమే నా పని కాబట్టి ఈ వరసలు రోజూ కంటబడుతూనే ఉంటాయి.

2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి. అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఒకేలాంటివి తీసేయగా మిగిలిన 1.4 కోట్ల జాబితా ఊహించేవాళ్లకు ఇవాళ్టికీ పెద్దబాలశిక్ష.

దీనికి మొదటి విరుగుడు ఆలస్యం. ఫెయిల్‌టుబ్యాన్ అనే ఉచిత ప్రోగ్రాము లాగ్‌ను కనిపెట్టుకుని ఉంటుంది. మామూలు సెట్టింగుల్లోనైతే, పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పిన ఐపీ అడ్రసును పది నిమిషాలు బయట నిలబెడుతుంది. పది నిమిషాలేగా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: ఒక అడ్రసుకు రోజుకు మహా అయితే 720 ప్రయత్నాలు. ఆ లెక్కన రాక్‌యూ జాబితా పూర్తవడానికి యాభై ఏళ్లు దాటుతుంది. 123456 పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ ధీమా లేదు, వాళ్ల వంతు మొదటి ఐదింట్లోనే వచ్చేస్తుంది.

అడ్రసు ఒక్కటే కాకపోతే? 2013 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ సైట్ల మీద జరిగిన దాడి వేల అడ్రసుల నుంచి వచ్చింది. అందుకని అడ్రసును వదిలి అకౌంట్‌కే తాళం వేద్దామంటే, కావాలని ఐదుసార్లు తప్పు కొట్టి అసలు యజమానినే బయటకు గెంటేయొచ్చు. పోనీ అడ్రసునే కఠినంగా ఆపుదామంటే, మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు. ఒకడి పాపం అందరికీ చుట్టుకుంటుంది.

అందుకే నేను సంఖ్యకన్నా నడక చూస్తాను. మర్చిపోయిన మనిషి ఒకే పేరుతో రెండుసార్లు తప్పు కొడతాడు, కాసేపు ఆగుతాడు, క్యాప్స్ లాక్ చూసుకుని మళ్లీ కొడతాడు, విసిగిపోయి 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' నొక్కుతాడు. జాబితా చదివే ప్రోగ్రాముకు ఆ తడబాటు ఉండదు. ఆ తడబాటుకు చోటిచ్చేలా గడువులు పెట్టి, పైన ఫోన్‌లోని యాప్ ఇచ్చే రెండో కోడ్ కూడా అడిగితే, పాస్‌వర్డ్ దొరికినా ఊహించేవాడి పని అక్కడితో సరి.

సైటు అప్పగించేటప్పుడు చాలామంది "ఎన్నిసార్లకు బ్లాక్ చేస్తారండీ?" అని అడుగుతారు. "బ్లాకైన మీ మనిషి ఎవరికి ఫోన్ చేయాలండీ?" అని నేను ఎదురడుగుతాను. ఆ నంబరు రాసుకున్నాకే మిగతా సెట్టింగుల జోలికి వెళ్తాను.