బలమైన పాటకు అడ్డుపాట

పెడన, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో పేకాట అనగానే సంక్రాంతి బరుల పక్కన నడిచే కోతముక్క, మూడుముక్కలాటలే ఎక్కువమందికి స్ఫురిస్తాయి గాని, అవే యాభైరెండు ముక్కలతో నలుగురు రెండు జంటలుగా ఎదురెదురుగా కూర్చుని ఆడే బ్రిడ్జి పూర్తిగా వేరే జాతి ఆట. ఈ తేడా న్యాయస్థానానికీ తెలిసినదే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుకు సంబంధించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, రమ్మీ మూడుముక్కలాటలా కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం వంటిదేననీ పేర్కొన్నది. అంటే నైపుణ్యానికి బ్రిడ్జినే కొలబద్దగా పట్టుకున్నది. పోటీలలో ఆ కాస్త అదృష్టాన్ని కూడా తగ్గించడానికి ఒకే పంపకాన్ని వేర్వేరు బల్లల దగ్గర ఆడించి, ఫలితాలను పోల్చి మార్కులు వేస్తారు.

ముక్కలు దించడానికి ముందు జరిగే పాటలోనే బ్రిడ్జి ఆటగాడి తెలివి ఎక్కువగా బయటపడుతుంది. నలుగురూ తలొక ముక్క వేయగా పెద్దముక్క గెలుచుకునేది ఒక పట్టు. ఆరు పట్లకు పైన ఎన్ని గెలుస్తారో, ఏ రంగు తురుపుగా గెలుస్తారో చెప్పేదే పాట. రంగులలో కళావరు అన్నిటికన్నా కింద, దానిపైన డైమను, ఆటీను, ఇస్పేటు, అన్నిటికీ పైన తురుపు లేని ఆట. (తురుపు, కళావరు, ఆటీను అన్న పేర్లు, పదిహేడవ శతాబ్ది తొలినాళ్ళలో మచిలీపట్నంలో కోఠీ తెరిచిన డచ్చివారి పేకముక్కల పేర్లకు చాలా దగ్గరగా ఉంటాయి.) ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కిస్తే దస్తా మొత్తానికి 40 పాయింట్లు వస్తాయి.

బలమైన చేతిని ఒక కృత్రిమమైన చిన్న పాటతో తెలియజేసే పద్ధతికి ఆద్యులలో ఒకడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్. నేటి కాంట్రాక్టు బ్రిడ్జి మార్కుల పద్ధతిని 1925లో రూపొందించినవాడూ అతడే. 1960లలో సి. సి. వెయ్ తయారుచేసిన ప్రెసిషన్ పద్ధతిలో ‘ఒక కళావరు’ అంటే కళావర్లున్నాయని కాదు, ఏ రంగులోనైనా సరే పదహారు పాయింట్లు లేదా అంతకు మించి ఉన్నాయని. ఈ పద్ధతిని వాడిన తైవాన్ జట్టు 1969 ప్రపంచ పోటీలో ఇటలీ తరువాతి స్థానంలో నిలవడంతో దానికి పేరొచ్చింది.

ఈ పాటలోని బలహీనత కూడా అక్కడే ఉన్నది. బలముందని చెప్పారు గాని ఏ రంగో చెప్పలేదు, చెప్పుకోవడానికి కింది మెట్లు కావాలి. ఆ మెట్లనే ప్రత్యర్థి అడ్డుపాటతో ఆక్రమిస్తాడు. చేపల చెరువు వేలంలో చెరువు అక్కరలేనివాడు ఎదుటివాణ్ణి తికమకపెట్టడానికి పాటను ఒక్కసారిగా ఎగదోసినట్టే, ఆరేడు పాయింట్లు కూడా లేని ప్రత్యర్థి ‘మూడు ఇస్పేట్లు’ అంటే మధ్యలోని పన్నెండు మెట్లు ఒక్క దెబ్బతో పోతాయి. ఇంకొందరు అమెరికన్ ఆటగాడు లూ మేథే పేరున్న ఒడంబడికను పాటిస్తారు: డబుల్ (ఎదుటివారి పాట మీద జరిమానాను, బహుమతిని పెంచే పలుకు) అంటే ఆటీను, ఇస్పేటు రెండూ ఉన్నాయనీ, ఒక నోట్రంప్ (తురుపు లేని ఆట) అంటే కళావరు, డైమను ఉన్నాయనీ అర్థం.

అయితే అడ్డుపాట మెట్లను తీసుకుంటూనే, మరో చేత్తో కొంత ఇచ్చిపోతుందన్నది చాలామంది గమనించని సంగతి. అడ్డుపాట లేనప్పుడు భాగస్వామి బలహీనుడైనా ఏదో ఒకటి పలికి తీరాలి. వచ్చిన తరువాత అతనికి ‘పాస్’, ‘డబుల్’ అనే రెండు కొత్త పలుకులు చేతికి వస్తాయి. ‘ఒక ఇస్పేటు’ వంటి ఒకటి స్థాయి అడ్డుపాటల మీద ఎక్కువ జంటలు పాస్ అంటే నాలుగు పాయింట్ల లోపనీ, డబుల్ అంటే అయిదు నుంచి ఏడనీ, సొంత రంగు పలికితే ఎనిమిదికి తక్కువ కాకుండా అయిదు ముక్కల రంగు ఉందనీ ఒప్పందం చేసుకుంటారు.

పాట ప్రారంభించినవాని చేతిలో ఒకే ఒక ఇస్పేటు, ఆటీనులో ఆసు, రాజు, జాకీ, అయిదు, డైమనులో ఆసు, రాణి, పది, మూడు, కళావరులో రాజు, రాణి, ఆరు, రెండు ఉన్నాయనుకుంటే మొత్తం 19 పాయింట్లు. భాగస్వామి దగ్గర ఆటీను రాణి సహా నాలుగు ఆటీన్లు, డైమను రాజు, మిగతావి చిల్లర. అంటే అయిదే పాయింట్లు. ప్రత్యర్థి ‘ఒక ఇస్పేటు’ అంటే భాగస్వామి డబుల్ అంటాడు, మొదటివాడు ప్రత్యర్థి రంగునే ‘రెండు ఇస్పేట్లు’గా పలికి రంగు ఎంచుకోమంటాడు, ‘మూడు ఆటీన్లు’ వినగానే నాలుగుకు పెంచుతాడు. అదే ప్రత్యర్థి ‘మూడు ఇస్పేట్లు’ అంటే భాగస్వామి పాస్ అనక తప్పదు, కాని ఒకే ఇస్పేటున్న మొదటివాడు డబుల్ అని రంగు అడుగుతాడు, జవాబుగా ‘నాలుగు ఆటీన్లు’ వస్తుంది. భాగస్వామి దగ్గర ఆటీన్లకు బదులు నాలుగు మంచి ఇస్పేట్లుంటే అతడు ఆ డబుల్‌ను కదిలించకుండా పాస్ అని జరిమానాకు కూర్చుంటాడు.

జరిమానా లెక్క తెలియనివారు ఇక్కడే నష్టపోతారు. నాలుగు ఆటీన్లు గెలిస్తే మామూలుగా 420, వల్నరబుల్ అయితే 620 వస్తాయి. జరిమానా, బహుమతి రెండూ పెరిగే స్థితిని వల్నరబుల్ అంటారు, ఏ జంట ఆ స్థితిలో ఉన్నదో ప్రతి పంపకానికీ ముందే నిర్ణయమై ఉంటుంది. డబుల్‌లో మూడు పట్లు తగ్గినా మామూలు స్థితిలోని ప్రత్యర్థి ఇచ్చుకునేది 500 మాత్రమే, అది 620 కన్నా తక్కువ గనుక అతనికి లాభమే. అతడే వల్నరబుల్ అయితే రెండు పట్లు తగ్గగానే 500 పోతుంది, 420 ఒప్పందాన్ని వదులుకుని ఆ జరిమానా పుచ్చుకోవడమే నయం.

ప్రెసిషన్ కాని మామూలు పద్ధతుల్లో ఇరవైరెండు పాయింట్లకు పైబడిన చేతికి పలికే ‘రెండు కళావర్ల’ మీద అడ్డుపాట వస్తే ఎక్కువమంది అర్థాలను తలకిందులు చేస్తారు: డబుల్ అంటే చేతిలో ఏమీ లేదనీ, పాస్ అంటే పనికొచ్చే ముక్కలున్నాయనీ. పాట అక్కడితో ఆగిపోదన్న భరోసా ఉన్నది గనుక ధీమాగా పాస్ అనవచ్చు. ఏమీ లేనివాని హెచ్చరికే తొందరగా అందాలి. ఏ అర్థం పెట్టుకున్నా ప్రత్యర్థులు అడిగితే దాచకుండా చెప్పాలన్నది నియమం, రహస్య సంకేతాలకు ఇందులో చోటు లేదు.

2018లో జకార్తా ఆసియా క్రీడలలో తొలిసారి బ్రిడ్జికి చోటు దక్కినప్పుడు పురుషుల జంటల పోటీలో స్వర్ణం ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అనే భారతీయులకే వచ్చింది. ఈ ఆట నేర్చుకోదలచిన డెల్టా పాఠకులు పెద్ద పద్ధతులను కంఠస్థం చేసేముందు, అడ్డుపాట వస్తే పాస్‌కు ఏమర్థం, డబుల్‌కు ఏమర్థం, ఎన్ని మెట్ల దాకా ఆ అర్థం చెల్లుతుంది అన్న మూడు సంగతులను భాగస్వామితో కాగితం మీద రాసుకుని బల్ల దగ్గర కూర్చోవాలి.